నటించినట్టు ఒక కాగితం

కళాజాత నడిపే భీమ్‌రావు సార్‌కు నమస్కరించి రాస్తున్నది.

ఆరేళ్లు మీ బృందంలో కోరస్ పాడాను. పోయిన నెల మా ఆర్మూర్ పసుపు మార్కెట్‌లో ఎయిడ్స్ మీద ఆట వేసినప్పుడు మొదటిసారి వేషం ఇచ్చారు. "కూలోళ్ల నడుమ కూసో. జర సేపైనంక లేచి, నాకు గా జబ్బున్నదని ఏడువు. గట్లయితేనే జనం నమ్ముతరు" అన్నారు.

నమ్మారు సార్.

ఆ సాయంత్రమే మా కిరాయి ఇంటి ఓనరు ఆశమ్మ నల్లా కింద ఉన్న నా బిందెను కట్టెతో పక్కకు జరిపింది. "గది నాటకమవ్వా" అంటే, "గంత ఏడుపు నాటకమా బిడ్డా?" అంది. ఈ నెలాఖరుకల్లా ఇల్లు ఖాళీ చేయమంది. పసుపు పనికీ ఎవరూ పిలవడం లేదు. అది వేషమేనని, నాకు ఏ జబ్బూ లేదని రాసి, స్టాంపు వేసి ఒక కాగితం పంపండి.

ఇంతవరకు నిన్ననే రాసి పెట్టాను. పొద్దున నందిపేట్ నుంచి ఒకామె నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఆ రోజు పసుపు అమ్మడానికి వచ్చి మన ఆట చూసిందట. తలుపు దగ్గరికి వేసి నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, నీకున్నదే నాకున్నది. ఇంట్ల ఎవ్వలికి చెప్పలే. నువ్వు ఏ దవాఖానకు పోతున్నవ్?" అంది.

నాది నాటకమని చెప్పడానికి నోరు రాలేదు సార్. శుక్రవారం నిజామాబాద్ దవాఖానకు ఇద్దరం కలిసి పోదామన్నాను.

కాగితం శుక్రవారం దాటాకే పంపండి.

ఇట్లు,
మీ కోరస్‌లో ఎడమ చివర నిలబడే మనిషి