నల్లగుడ్డలో చుట్టిన సీసా

మార్చి 7, శనివారం

మనవరాలు భవాని వచ్చింది, బెంగుళూరు రైల్లో. ఒళ్ళో థర్మాకోల్ డబ్బా. ల్యాబ్‌లో ఫ్రీజరు చెడిపోయిందంట, సోమవారం దాకా ఇంట్లో పెట్టుకోమనిందంట మేడం. డబ్బాలో వేలి కణుపంత సీసా. అడుగున తెల్లపొడి... ఉందో లేదో అన్నట్టు.

"గ్రోత్ ఫ్యాక్టర్ అవ్వా. చర్మం కణాలు పెరగడానికి."

మనిషి వంట్లో ఊరేదేనంట. దాన్నే ల్యాబుల్లో క్రిముల చేత చేయిస్తారంట. భవాని గిన్నెల్లో కణాలు ఇంతవరకు పెరగనే లేదు. ఈసారీ పెరక్కపోతే పిల్లను వేరే పనికి మారుస్తారు.

సీసా ఐసు అరలో పెట్టి, స్నేహితురాలి పెండ్లికని ముళబాగిలు పోయింది. రేపు వస్తుంది.

సాయంత్రం —

పెరిగేదాన్ని ఐసులో పెడతారా ఎవరన్నా? కామసముద్రంలో మా అమ్మ పట్టుపురుగు గుడ్ల అట్టను నల్లగుడ్డలో చుట్టి వెచ్చటి మూల పెట్టేది. చలి తగిల్తే పురుగులు బయటికి రావు. పిల్లకు తెలీదు, పాపం. తీసేసినాను. నల్లగుడ్డలో చుట్టి బియ్యం డబ్బా వెనక పెట్టినాను. ఊదొత్తి కూడా వెలిగించలేదు — పట్టుపురుగులుండే ఇంట్లో వాసన కూడదు. ఇప్పుడు మనసు నెమ్మది.

మార్చి 8, ఆదివారం

అయ్యో.

భవాని ఫ్రిజ్ తెరిచి — "అవ్వా, సీసా యాడ?"

చూపించినాను. నెత్తిన చేయి పెట్టుకొని కూలబడింది. మేడంకు ఫోన్ చేసింది. పిల్ల ముందు ఊ, ఊ అనింది. తర్వాత నవ్వింది. కండ్లు తుడుచుకుంటా నవ్వింది. ఎండు పొడి కదా, మూత తీయలేదు కదా, ఒక రాత్రికి ఏమీ కాదంట. నీళ్ళలో కలిపినాకే చలి తప్పదంట.

"అయితే బాగుండాదా?"

"ఉండే ఉంటుంది అవ్వా. కణాలకు పెడితే కదా తెలిసేది."

ఉండే ఉంటుంది అంటే ఏమి లెక్క?

పక్కింటి సెల్వికి అప్పుడే తెలిసిపోయింది. గోడ మీంచి — "ముసలితనం పోయే పొడా అమ్మా? నాకొక స్పూన్ పెట్టు!"

"నీకు స్పూన్ యాడ చాలుతుందే, గరిటె కావాల." నవ్వి నవ్వి పక్కలు నొప్పి.

మార్చి 9, సోమవారం

సీసా పోయింది, పిల్లతో. రైల్లో తోసుకుంటారు, జాగ్రత్త అని చెప్పినాను. రోడ్డు దాకా పోయి మళ్ళా చెప్పినాను. ఇంగ శుక్రవారం దాకా హాస్టల్లోనే.

మార్చి 11, బుధవారం

ఫోన్ లేదు. నా నల్లగుడ్డ వల్లే పోయిందేమో...

మార్చి 13, శుక్రవారం

పెరుగుతాండాయి!

రైలు దిగి పరుగెత్తుకొచ్చింది. చెప్పులు కూడా విప్పలేదు. నన్ను ఎత్తి తిప్పేసింది — "దించే, నడుము పోతుంది!" ఫోన్‌లో ఫోటో చూపించింది. చేపపిల్లల మాదిరి, సన్నగా, అన్నీ ఒకే పక్కకు తిరుక్కొని. ఎంత ముద్దుగా ఉండాయో. పాయసం చేసినాను. సెల్వికి గరిటెతోనే పెట్టినాను.

కణాలతో గిన్నె సగం నిండిందంట.

ఆగకుండా పెరిగితే?

"చోటు లేకపోతే అవే ఆగుతాయి అవ్వా."

సరే. ఆగినాక? అన్నిటినీ యాడ పెడతారు? అడిగితే పాయసం నోట్లో పెట్టుకొని నవ్వుతాండాది.