కల్లు గుడ్డతో వడగట్టిన పెట్రోలు

కామారెడ్డి మెకానిక్ భీమేష్ అన్నకు ఎల్లారెడ్డి నుంచి నమస్కారం.

నువ్వు నా ఫోన్ ఎత్తడం లేదని ఈ ఉత్తరం బస్సు డ్రైవర్‌తో పంపుతున్నాను. చిన్న కారుకైనా పెట్రోలు ఫిల్టర్ మార్చాలని నువ్వంటే నమ్మలేదు, తప్పే. కల్లు గీసే మా బాపు, “కల్లు వడగట్టే గుడ్డ ఉండంగ ఫిల్టర్ దేనికిరా?” అన్నాడు. నెల రోజులు పెట్రోలు డబ్బాలో తెచ్చి ఆ గుడ్డతోనే వడగట్టి పోశాను. అయినా కారు గాంధారి దారిలో ఆగిపోయింది.

అది సరే. బాపు అదే గుడ్డ ఉతికి మళ్లీ కల్లు వడగట్టాడు. ఇప్పుడు మా దగ్గర తాగడానికి వచ్చినవాళ్లు బీడీ ముట్టించాలంటే భయపడుతున్నారు. కల్లంతా మిగిలిపోతోంది.

కొత్త ఫిల్టర్ తీసుకుని రేపే రా అన్నా. “ఎట్లాగూ పెట్రోలు వాసనే వస్తున్నది, కార్ల పోసి చూద్దాం” అంటూ బాపు కల్లు లొట్టి పట్టుకుని కారు చుట్టూ తిరుగుతున్నాడు.