ఏసీ ఆపితేనే ఎక్కే బండి

మార్చి 4

మళ్లీ ఫ్లైఓవర్ మధ్యలో ఆగినంత పనైంది. ఏసీ ఆపేసి ఫస్ట్ గేర్ వేశాను. నేను ఊపిరి బిగబడితే దాని బరువు తగ్గుతుందన్నట్టు బిగబట్టాను కూడా. వెనక ఒకటే హారన్లు. పైకి చేరేసరికి బ్లౌజు తడిసిపోయింది.

మార్చి 6

క్లచ్ ప్లేట్ అరిగిందట. ఇది రోగం కాదు మేడమ్, వయసు అన్నాడు మెకానిక్. మా ఆయన అమ్మేద్దామంటున్నారు. ఇంటికి ఒక కారు చాలదా అంటారు. ఆ ఒకటీ ఆయనది. అందులో నాదెప్పుడూ పక్క సీటే. ఈ ఇంట్లో నేను తలుపు వేసుకుని కూర్చోగలిగిన గది ఈ డొక్కు బండేనని చెప్పాలనుకున్నాను. పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగాను.

మార్చి 7

కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. తుడిచిన అద్దమే మళ్లీ తుడిచాను.

మార్చి 11

మామయ్య పోయినప్పటి నుంచి అత్తయ్య ఒక్కతే వీధి చివరికి కూడా వెళ్లలేదు. అలాంటిది ఇవాళ మా ఆయన వాకింగ్‌కి వెళ్లగానే వచ్చి స్టీరింగ్ ముందు కూర్చుంది.

"నాకు నేర్పు."

"ఇప్పుడా అత్తయ్యా?"

"ఇది పాతసామాన్లకి పోయాక నేర్పుతావా? నా వయసుకి ఇంతకంటే స్పీడు బండి వద్దు. వాడికి చెప్పకు."

మార్చి 16

గోడౌన్ల వెనక ఖాళీ స్థలంలో రోజూ ప్రాక్టీస్. అత్తయ్య క్లచ్ టక్కున వదిలేస్తుంది, బండి ఎగిరిపడి ఆగిపోతుంది. "మొద్దుమొహమా, కదులు" అని తిడుతుంది. ఇన్నాళ్లూ ఆ తిట్టు నాకే సొంతం అనుకున్నాను. సెకండ్ గేర్ పడగానే పకపకా నవ్వింది. ఆవిడ నవ్వు అలా ఉంటుందని నాకు తెలియదు.

మార్చి 20

ఆదివారం బేరం వస్తోందట. మా ఆయన చెప్పారంతే, అడగలేదు. అత్తయ్య కంచంలోంచి తల ఎత్తలేదు. ఒళ్లు మండిపోయింది. ఒక్క మాట అంటే ఆవిడ సొమ్మేం పోయింది? నేను మాత్రం అన్నానా?

మార్చి 22, ఆదివారం

కొనేవాడు వచ్చాడు. బండి లేదు. అత్తయ్యా లేదు. ఫోన్ మంచం మీదే ఉంది. ఆవిడకి డ్రైవింగ్ ఎవరు నేర్పారని మా ఆయన ఇల్లెగిరిపోయేలా అరిచారు. నేనే అన్నాను. ఆవిడకి లైసెన్స్ లేదు, బ్రేకులు అంతంత మాత్రం.

ఆయన కారులో ఊరంతా గాలించాం. ఊరు దాటి, పొలాలు మొదలయ్యే చోట కనిపించింది. బానెట్ తెరిచి ఉంది, ఆవిరి పొగలు. అత్తయ్య కొంగుతో విసురుతోంది. తనకి కాదు, ఇంజన్‌కి.

"అమ్మా, నీకేమన్నా అయితే?"

"నాకేం అవుతుందిరా? దీనికి దాహం వేసింది. చల్లారాక నీళ్లు పొయ్యి."

ఆయన కారులోంచి నీళ్ల బాటిల్ తెచ్చారు.

"అమ్ముకుంటే నీది అమ్ముకో. ఇది ఆ అమ్మాయిది. దాన్ని అడిగావా?"

ఆయన నా వైపు తిరిగారు. నిజంగానే అడిగారు.

ఈ బండి అమ్మను అన్నాను. గొంతు పెద్దగానే వచ్చింది.

జూన్ 9

అత్తయ్యకి లైసెన్స్ వచ్చింది. నేను ఆఫీసుకి బస్సులో వెళ్లాను. బండి ఆవిడకి కావాలట. ఎక్కడికని అడిగితే, ఊరికే అంది.