జర్మనీ వెళ్ళడానికి ఇన్ని కారణాలా

అవోకా, డర్బన్
1994 జూన్, ఆదివారం

బావకి అంబీ దండాలు.

ఇక్కడ అందరం బావున్నాం. అందరం అంటే మీ అమ్మ, మన అలీషా, గేటు దగ్గర కుక్క. నా సంగతి వేరే రాస్తాను. అక్కడ నువ్వు బావున్నావని నేను తలచుకోనక్కర్లేదు, బుగ్గలొచ్చాయని నువ్వే రాశావు.

తెలుగులో రాశానని విసుక్కోకు. ఇంగ్లీషులో రాస్తే అలీషా చదివేస్తుంది. మన పిల్లకి తెలుగంటే నాన్నమ్మ, పులుసు, ఓరి దేవుడో, అంతవరకే. నేను ఆరో క్లాసుతో బడి మానేసి బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతున్నదాన్నే గాని, షాకాస్‌క్రాల్ ఊరి తెలుగు బడిలో మా నాన్న, అదే నీ మేనమామ, బెత్తం పట్టుకుని గుణింతాలు దిద్దించాడు. నువ్వు కాలేజీలో పాఠాలు చెప్పే పెద్దమనిషివైనా తెలుగు అక్షరాల కింద వేలు పెట్టుకునే చదువుతావు. పెట్టుకో. ఈసారి ఒక్క మాట కూడా జారిపోకూడదు.

ముందు నీ ప్రశ్నలు. గీజరు బాగైంది. అత్త మోకాళ్ళకి రోజూ నూనె రాస్తున్నాను. రాస్తున్నంతసేపూ నన్ను తిడుతుంది కాబట్టి ఒంట్లో బలానికి లోటు లేదనుకో. తుపాకుల చప్పుళ్ళు తగ్గాయి. ఎన్నికల ముందు కొండ అవతల నుంచి వినపడేవి, ఇప్పుడు లేవు. చేపల డబ్బాలు అయిపోయాయా అని అడిగావు. ఎక్కడ! ఏదో ప్రళయం వస్తుందని వీధి వీధంతా కొవ్వొత్తులూ డబ్బాలూ కొని దాచుకున్నాం కదా, మన పిల్చర్డ్ చేపలు ఇంకా మంచం కింద వరస కట్టి ఉన్నాయి. మొన్న అత్త అంది: "ఒసే అంబీ, యుద్ధం రాలేదు గాని ఈ చేపలే మనల్ని చంపేట్టున్నాయే." ఒక డబ్బా నీకు పార్సెల్ చేశాను. సుంకం కట్టి విడిపించుకో.

ఇక తెల్లా నల్లా అందరం కలిసి వేసిన మొదటి ఓటు ఎలా జరిగిందని అడిగావు. హాస్టల్ టీవీలో మన క్యూలు చూసి, జర్మను పిల్లల మధ్య కూర్చుని ఏడ్చేశానని రాశావు. పాపం, రుమాలు ఎవరిచ్చారు?

ఆ రోజు పొద్దున్నే గడప కడిగి పసుపు రాసి బొట్లు పెట్టాను. పండగ కాకపోయినా అత్త పెట్టమంది. "మీ మామ బతికుంటే ఇవాళ కొత్త పంచె కట్టేవాడే," అంటూ తను మొహం నిండా పసుపు పూసుకుంది. అలా పచ్చగా బయల్దేరాం అత్తాకోడళ్ళం. అలీషాకి ఓటు వయసు రాలేదని మొహం మాడ్చుకుని ఇంట్లో ఉంది.

బడి చుట్టూ మెలికలు తిరిగి రోడ్డు మీదకొచ్చింది క్యూ. మా ముందు ఒక జులూ ముసలమ్మ, అందరూ గోగో అంటున్నారు, ఇంటి నుంచి కుర్చీ తెచ్చుకుంది. అత్తని చూసి సగం కుర్చీ ఇచ్చింది. ఇద్దరూ చెరో పక్కా ఆనుకుని, చెరుకు తోటల నాటి వంకర జులూలో అత్త, నవ్వుతూ ఆ గోగో, మోకాళ్ళ గురించి మాట్లాడుకున్నారు. ఒక తెల్లాయన నిక్కరేసుకుని మెల్లిగా ముందుకి జరుగుతున్నాడు. నేను ఊరుకుంటానా?

"అయ్యా, మీరు ఇన్నేళ్ళూ ముందే నిలబడ్డారు. ఈ ఒక్క పూటా వెనక నిలబడితే కాళ్ళు విరగవులెండి."

క్యూ అంతా గొల్లుమంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి గాని ఆయనా నవ్వి వెనక్కెళ్ళాడు. కాసేపటికి సీసాతో మంచినీళ్ళు తెచ్చి అత్తకీ గోగోకీ ఇచ్చాడు. నువ్వుంటే నా చెయ్యి గిల్లి "నోరు మూసుకోవే" అనేవాడివి. గిల్లేవాళ్ళు లేక నోరు మరీ రేగిపోయింది ఆ రోజు.

అప్పుడే ఎరాల్ వచ్చి మా వెనక చేరాడు. నీ కాలేజీ ఎరాల్, నీ బల్ల పక్క బల్ల ఎరాల్. వాడి ఇంగ్లీషుని నేను మన మాటల్లోకి దించి రాస్తున్నాను.

"అక్కా, మీ క్రిష్ నాకెంత మేలు చేశాడో! లేకపోతే ఇవాళ ఈ క్యూలో నేనుండేవాణ్ణి కాదు."

"నువ్వెక్కడికి పోయేవాడివి?"

"జర్మనీకి! కాలేజీ పంపే ఏప్రిల్ సీటు నాదే కదా. క్రిష్‌ది అక్టోబరు. తనే మా ఇంటికొచ్చి మార్చుకుందాం అన్నాడు. దీపావళికి ఇంట్లో లేకపోతే నువ్వు ఇల్లు పీకి పందిరేస్తావట కదా? మా ఆవిడ ఆడ్రీ, నేనూ ఎంత నవ్వుకున్నామో!"

నేనూ నవ్వాను. "అవును ఎరాలూ, నేనట్టాంటిదాన్నే," అన్నాను. నవ్వడం నాకు అలవాటైన పని కాబట్టి మొహం దానంతటదే నవ్వింది. ముందువాళ్ళు జరిగితే నేను జరగలేదు. ఎరాల్ వెనక నుంచి మెల్లిగా తట్టాడు.

జనవరిలో భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి నాకు నువ్వు చెప్పిన పాఠం గుర్తుందా? అప్పుడు ఒక్కో కారణం చెబుతూ ఒక్కో వేలు ముడిచావు. ఇన్నాళ్ళూ ప్రపంచం మన దేశాన్ని వెలేసింది, ఇప్పుడు తలుపు తీస్తున్నారు, ముందుగా దూరినవాడిదే గెలుపు అన్నావు. అక్కడి లైబ్రరీలో నువ్వు పేర్లు తప్ప చూడని పుస్తకాలన్నీ చేతికందేలా ఉంటాయన్నావు. ఇంకో భాష వస్తుంది, నీ వయసువాడు మళ్ళీ విద్యార్థిలా వెనక బెంచీలో కూర్చుంటే బుద్ధికి తుప్పు వదులుతుంది, తిరిగొచ్చాక కాలేజీలో పెద్ద కుర్చీ దొరుకుతుంది, పోయేది ఒక్క సెమిస్టరే అన్నావు. నేను జంతికలు నములుతూ దేనికీ లొంగలేదు. అప్పుడు ఆఖరి వేలు ముడిచావు.

"అంబీ, వాళ్ళది గోడ కట్టుకుని రెండుగా బతికిన దేశం. ఇప్పుడు ఒకటైంది. రెండైనవాళ్ళు ఒకటైతే ఎలా బతుకుతారో చూసొచ్చి మన పిల్లలకి చెప్పాలి. రేపు మనకి కావలసిన చదువు అదే."

దానికి నేను పడిపోయాను బావా. నా కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. మా ఆయన ఎంత పెద్ద ఆలోచన చేశాడని ఫ్యాక్టరీలో అందరికీ చెప్పాను. ఒక్కటే అడిగాను, ఓటేసి వెళ్ళకూడదా అని. "యూనివర్సిటీవాళ్ళు ఏప్రిలే ఇచ్చారే, నా చేతుల్లో ఏముంది?" అన్నావు.

ఒకటైన దేశం ఎలా ఉంటుందో చూడ్డానికి అంత దూరం పోయావు. అదే నెలలో నీ దేశం ఒకటవుతుంటే ఇక్కడ చూడ్డానికి నువ్వు లేవు. గోగో కుర్చీలో సగం మీ అమ్మకిచ్చిందే, ఆ చదువు ఏ లైబ్రరీలో దొరుకుతుంది?

మిగతా కథ విను. హాలు గుమ్మంలో చీకటి పెట్టె లాంటిదొకటి పెట్టారు, అందులో ఊదారంగు దీపం. ఓటేసినవాళ్ళ చేతుల మీద కంటికి కనపడని సిరా చల్లుతారు, అది ఆ దీపం కిందే వెలుగుతుంది. రెండోసారి ఎవరూ వెయ్యకుండా, లోపలికెళ్ళే ప్రతివాళ్ళ చేతులూ ముందు ఆ దీపం కింద చూస్తారు. నేనూ పెట్టాను. బావా, నా చేతులు మిణుగురుల్లా వెలిగాయి.

అక్కడ కూర్చున్న పిల్ల నా మొహం వంక చూసింది. "మేడం, మీరు ఇంతకుముందే ఓటేశారు."

"ఎప్పుడమ్మా, నిద్దట్లోనా?"

"నవ్వులాట కాదు మేడం. రెండుసార్లు వెయ్యడం మోసం."

మోసం చేసిన ఆడదాన్నట నేను! ఇంకో రోజైతే ఆ పిల్లని మూడు చెరువుల నీళ్ళు తాగించేదాన్ని. ఆ రోజు మాత్రం, ఎరాల్ మాట ఇంకా చెవిలో ఉండగా, అందరి ముందూ నిలబడి ఏడ్చేశాను. ఫ్యాక్టరీలో సూది వేల్లో దిగినా ఏడవనిదాన్ని. ఓటు పోతుందని ఏడుస్తోందనుకున్నారు చూసినవాళ్ళు. అనుకోనీ.

అత్త లేచింది. "నా కోడల్ని దొంగంటావా?" అని కర్ర పక్కన పెట్టి, చేతులు కాదు, మొహమే తీసుకెళ్ళి ఆ పెట్టెలో పెట్టేసింది. పసుపు మొహం జ్యోతిలా వెలిగింది. ఆ పిల్ల కెవ్వుమంది! పెద్దాఫీసరు పరిగెత్తుకొచ్చాడు. అత్త వెనక్కి తిరిగి క్యూలో ఉన్న ఆడవాళ్ళని కేకేసింది, "రండే, మీ చేతులూ చూపించండే!" ఒక్కొక్కరూ వచ్చి పెట్టారు. తెల్లారి దీపం పెట్టిన చెయ్యి, గడప రాసిన చెయ్యి, కూర కలిపిన చెయ్యి, పసుపు తగిలిన చేతులన్నీ వెలిగాయి. ఆఫీసరు టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు.

"అయితే అవోకా ఆడవాళ్ళంతా రాత్రే ఓటేసేశారన్నమాట," అన్నాడు. హాలంతా నవ్వులు. మమ్మల్ని లోపలికి పంపారు.

గుర్తు ఎవరికి పెట్టానో నీకు చెప్పను. నీకు తెలియని సంగతి నా దగ్గర కూడా ఒకటుండాలి.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న. చలికాలం సెమిస్టరు కూడా ఉండిపొమ్మంటున్నారు, ఏమంటావు అని రాశావు. మళ్ళీ కారణాలు రాశావు, ఈసారి రెండు పేజీలు. మొదలుపెట్టిన వ్యాసం సగంలో ఉందట, భాష ఇప్పుడిప్పుడే నోరు తిరుగుతోందట. కాలేజీకి ఉన్నది ఒక్క సీటే కాబట్టి ఎరాల్ అక్టోబరులో రావడం కుదరకపోవచ్చు, "వాడితో ఇప్పుడే అనకు" అని రాసి కింద గీత కూడా గీశావు.

అనేశాను.

ఉత్తరం వచ్చిన సాయంత్రమే వాళ్ళింటికెళ్ళాను. ఆడ్రీ నాకిష్టమైన కొబ్బరి బిస్కెట్లు పెట్టింది. నేనేదో హాస్యానికొచ్చాననుకుని ఎరాల్ ముందే నవ్వడం మొదలెట్టాడు. చెప్పాను. కాసేపు నేను ఆట పట్టిస్తున్నాననే అనుకున్నాడు, నా సంగతి తెలుసుగా. తర్వాత లేచి, ఇంకా కొత్తగా ఉన్న చలి కోటు బీరువాలోంచి తీసి చూసి మళ్ళీ తగిలించాడు. ఒక్క మాట తిట్టలేదు నిన్ను. తిడితే బావుండేది. మర్నాడు కాలేజీలో చెప్పాడట, సీటు తనదేనని. నీకు అక్కణ్ణించి కూడా ఉత్తరం వస్తుంది.

కోపంతో చేశాననుకుంటావు. కోపమే. కాని ఇంకోటి కూడా ఉంది, అది రాయడం కష్టంగా ఉంది. నాకూ భయమేసింది బావా. నువ్వెళ్ళినప్పటి నుంచీ ఓట్లయ్యేదాకా చెప్పులు మంచం పక్కనే పెట్టుకుని పడుకున్నాను, అలీషాని లాక్కుని పరిగెత్తడానికి. అత్త మోకాళ్ళతో పరుగు కుదరదు, ఆవిణ్ణి ఏం చెయ్యాలో ఎంత ఆలోచించినా తేలలేదు. పగలు వీధిలో అందరినీ నవ్వించి, చీకటి పడితే తలుపుకి బల్ల అడ్డం జరిపేదాన్ని. అందుకే చెబుతున్నాను, నువ్వు దేనికి పోయావో నాకు తెలుసు. భయపడటం తప్పు కాదు. "అంబీ, నాకు భయమేస్తోందే" అని ఒక్కసారి అనుంటే నీ పెట్టె నేనే సర్దేదాన్ని. "పో బావా, ఇక్కడ నేను చూసుకుంటాను" అని విమానమెక్కించేదాన్ని. వేళ్ళన్నీ ముడిచి అన్ని కారణాలు చెప్పావు, ఉన్న ఒక్కటీ చెప్పలేదు. పైగా ఎరాల్ దగ్గర నన్ను కారణం చేశావు. నేను దీపావళికి ఇల్లు పీకేదాన్నట!

మీ అమ్మకి ఇవేమీ తెలియవు. నువ్వు జర్మనీలో ఓటేశావని చెప్పాను. క్లాసుందని ఓటుకి బాన్‌లో మన ఎంబసీ దాకా పోలేదని నువ్వు రాసిన పేజీ చదవలేదు. ఆవిడ గుడిలో అందరికీ చెప్పుకుంటోంది, "మావాడు అంత దూరం నుంచి కూడా వేశాడు" అని. నీ ప్రతి ఉత్తరం నేనే చదివి వినిపిస్తాను కదా. కొన్ని దాటేస్తాను, కొన్ని నా సొంతంగా కలుపుతాను. మీ ప్రొఫెసర్ భార్యకి పచ్చడి నచ్చిందా అని అమ్మ ఫోనులో అడిగింది, ఏమిటిది అని రాశావే, అది నా కల్పనే. ఆవిడకి నచ్చింది, రెండోసారి వడ్డించుకుంది. పోయిన నెల నీకు జలుబు కూడా చేయించాను, అమ్మ తలుచుకుని బాధపడటానికి ఏదో ఒకటి ఉండాలి కదా. బయటికెళ్ళేప్పుడు అమ్మ పేరు చెప్పుకుంటావని కూడా చదివాను. అది నువ్వెప్పుడూ రాయలేదు.

ఇక చదవను అలా. దీనికి నువ్వు రాసే జవాబు అత్త ఎదురుగా కూర్చోబెట్టుకుని, నువ్వు ఏం రాస్తే అదే చదువుతాను. దాటెయ్యను, కలపను, గొంతు కూడా మార్చను. రమ్మని నేను రాయడం లేదు, రావొద్దనీ రాయడం లేదు. మీ అమ్మకి ఏం వినపడాలో అది నువ్వే తెలుగులో రాయి, తప్పులున్నా పర్లేదు.

ఇట్లు,
నీ మేనమామ కూతురు
అంబీ