నల్ల టేపు ముక్క

లైసెన్సుల అధికారి గారికి,

ఎలక్ట్రీషియన్‌గా పనిచేసిన మా ఆయన పోయారనీ, ఆయన లైసెన్సు రద్దు చేయమనీ పోయిన నెల మీకు రాసింది నేనే. నవ్వుతారేమోనని అసలు కారణం అప్పుడు రాయలేదు.

మా వీధిలో కొత్తగా కట్టే ఇళ్లకు ఎవరూ పిలవకుండానే వైరింగు అయిపోతోంది. పని ముగిశాక స్విచ్ బోర్డు మూత లోపల నల్ల టేపు ముక్క అంటించడం మా ఆయన అలవాటు. ఆ ఇళ్లన్నింటిలోనూ ఆ ముక్క ఉంది. "మీ ఆయన్నే చూశానే అమ్మాయ్, పలకరిస్తే తలూపి నిచ్చెనెక్కాడు" అన్నారు ఎదురింటి పిన్నిగారు, గొంతు తగ్గించి.

బతికుండగా లైసెన్సు లేకుండా ఆయన తీగ ముట్టుకోలేదు. అది చెల్లినంతకాలం పనికి పోతూనే ఉంటారనిపించింది. మనిషికి విశ్రాంతి ఉండాలి కదండీ. అందుకే రద్దు చేయమన్నాను.

మా వంటింటి లైటు చెడిపోయి ఏళ్లయింది. అడిగినప్పుడల్లా "ముందు బయటి పనులు కానీవే, మనదెక్కడికి పోతుంది" అనేవారు. నిన్న పొద్దున నేను లేచేసరికి అది వెలుగుతోంది. బోర్డు మూత తీసి చూశాను. లోపల టేపు లేదు.

అంటే మా ఇంట్లో పని ఇంకా ముగియలేదు. దయచేసి ఆ లైసెన్సు రద్దు చేయకండి.

ఎదురుచూస్తూ,
ఆయన భార్య