మిగిలిన ఒక్క గొంతు

అక్కా,

ఎదురుగా చెబితే సగంలోనే కేకలేస్తావని ఈ ఉత్తరం నీ తలుపు కింద తోసి వెళ్తున్నాను. శనివారం నీ నాట్యానికి నేను వాయించాల్సిన సింథసైజర్ కాలిపోయింది. అంతా కాదు, చాలావరకు.

ముక్కలుగా కొని పెట్టెలో బిగించుకునే వాయిద్యం కదా, "ముందు కరెంటిచ్చే ముక్క మంచిది కొనవే" అన్నావు. వింటేగా! దాన్ని చవకలో తెచ్చి, మిగిలిన డబ్బుతో ధ్వని పలికే ముక్క ఇంకోటి కొన్నాను. నిన్న సాధన మధ్యలో మాడు వాసన వచ్చింది. ధ్వని పలికే ముక్కలు అయిదింటిలో మూడు పోయాయి.

రిపేరు చేసే ఆయన మూత తీసి చూసి, "పాడేవాళ్లకు విందు పెట్టి, వండేవాణ్ని పస్తుంచారు కదమ్మా" అన్నాడు. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

బతికినవాటిలో ఒకటి అమ్మేసి, మంచి పవర్ సప్లై తెచ్చాను. ఇక ఉన్నది ఒక్క గొంతే. పొద్దున్నుంచి కూర్చోలేక గదంతా తిరుగుతూ దాన్నే వింటున్నాను. మీట కాస్త తిప్పితే సన్నబడుతుంది, ఇంకాస్త తిప్పితే వణుకుతుంది. ఇన్నాళ్లూ అయిదింటి గోలలో దీన్ని సరిగా విననే లేదు.

ఈ ఒక్కదాని మీద నువ్వు అరగంట ఆడగలవా? నాకు తెలియడం లేదు. రేపు పొద్దున్నే రా. తిట్టేదేదో విన్నాక తిట్టు.

నీ చెల్లి