x మూడైతే

అక్కా,

నవ్వనంటే ఒక మాట చెబుతాను. ముద్ద గొంతు దిగడం లేదు. రేపు ప్రిన్సిపల్ మేడమ్ నా క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని పాఠం వింటారు. ఆవిడకు నచ్చితే ఉద్యోగం ఖాయం, లేదంటే ఇంటికే. నాకు ముందున్న మాస్టారు అలాగే వెళ్లారు. పాఠమంటావా, నల్లేరు మీద నడకే: పైనా కిందా ఉన్న బహుపదులను కారణాంకాలుగా విడగొట్టి, రెండింట్లోనూ ఉన్నదాన్ని కొట్టేసి, చిన్న రూపంలో రాయడం. నేను వణికేది మొదటి బెంచీ పిల్లను తలుచుకుని. దానికి స్టాఫ్‌రూములో పెట్టిన పేరు ప్రశ్నలపుట్ట. "ఎందుకు టీచర్?" అనందే దానికి పొద్దు గడవదు.

ఇవాళ దాన్ని వరండాలో ఆపి, "రేపొక్కరోజు ఏమీ అడక్కమ్మా" అన్నాను. "సరే టీచర్" అని తల వంచుకుని వెళ్లిపోయింది. అప్పటినుంచి నా మనసు మనసులో లేదు. అయినా మాట వెనక్కి తీసుకునే ధైర్యం రావడం లేదు.

నీ పిరికి చెల్లెలు

అక్కా,

పాఠం గడగడా సాగిపోయింది. బోర్డు మీద (x² − 9)/(x − 3) రాశాను. పైదాన్ని (x − 3)(x + 3)గా విడగొట్టి, కింది x − 3తో కొట్టేసి, "కాబట్టి ఇది x + 3. రెండూ ఒకటే" అన్నాను. తిరిగి చూస్తే ఆ పిల్ల అరచేత్తో నోరు మూసుకుని నన్నే చూస్తోంది. అప్పుడు తట్టింది. x మూడు కాకూడదన్న మాట రాయనేలేదు! రోజూ నోరు నొచ్చేలా చెప్పేదాన్నే. మేడమ్ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. పిల్లలు ఆ తప్పునే నోట్సులోకి ఎక్కించుకుంటున్నారు. నేను ఊరుకుంటే గండం గడిచినట్టే. ఆ పిల్ల వైపు తిరిగానక్కా.

"అడుగమ్మా" అన్నాను.

"వద్దన్నారుగా టీచర్?"

మేడమ్ తల ఇటు తిప్పారు.

"అన్నాను. తప్పు నాదే. అడుగు."

"x మూడైతే రెండోదాంట్లో ఆరొస్తుంది. మొదటిదాంట్లో పైనా సున్నా, కిందా సున్నా, భాగించనే లేం. మరి రెండూ ఒకటెలా అవుతాయి?"

"ఆ ఒక్కచోట కావు" అన్నాను. సుద్దముక్క విరిగింది. మిగిలిన ముక్కతోనే పక్కన 'x మూడు కాకూడదు' అని రాశాను.

గంట కొట్టాక మేడమ్, "ఆ పిల్లను అడగొద్దని ఎందుకన్నారు?" అన్నారు.

"మీరంటే భయమండీ."

ఆవిడ నవ్వలేదు. సోమవారం ఆఫీసుకు రమ్మన్నారు, ఎందుకో చెప్పలేదు. ఆ సోమవారం రేపే. మళ్లీ ముద్ద దిగడం లేదు.

ఆ రోజు నేను మెట్లు దిగుతుంటే ఆ పిల్ల పరుగెత్తుకొచ్చింది. "టీచర్, ఇకనుంచి అడగొచ్చా?"

"నేనున్నా అడుగు, నా చోట ఇంకెవరున్నా అడుగు" అన్నాను.

ఇంకా పిరికిదే,
నీ చెల్లెలు